ఓడ దిగే ముందు రాత్రి

ఐదు రోజుల ప్రయాణమైతే ఇంటావిడకు అందులో దక్కేది మూడు రోజులే. ఆఖరి రెండు రోజులూ ఒళ్ళు ఎక్కడున్నా మనసు ముందే ఇల్లు చేరిపోతుంది. ఫ్రిజ్‌లో వదిలేసిన పెరుగు ఏమైందో, పక్కింటావిడ కరివేపాకు మొక్కకు నీళ్ళు పోసిందో లేదో, దిగిన రోజు సాయంత్రానికి దోసెపిండి ఎట్లా అన్న లెక్కలు మొదలవుతాయి. మీకూ అంతేనా, నాకొక్కదానికేనా?

2023లో మేం ఓడ ఎక్కాం. మాది సత్యవేడు. మేం రోజూ చూసే నీళ్ళంటే ఊరి పక్క నుంచి పూండికి పోయే తెలుగుగంగ కాలువే. ఇక్కడి నుంచి ఊత్తుకోట, పెరియపాళెం, రెడ్‌హిల్స్ దాటితే మద్రాసు. పెళ్ళి చీరలకైనా పెద్ద డాక్టరుకైనా మేం తిరుపతి కంటే ముందు మద్రాసే పోతాం. ఆ ఏడాది జూన్‌లో మద్రాసు హార్బర్ నుంచి శ్రీలంకకు విహార నౌక మొదలైందని తెలిసి మావారు పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. మూడేళ్ళుగా కట్టిన చీటీ డబ్బులు అప్పుడే చేతికొచ్చాయి. నేనైతే ఆ డబ్బుతో వంటింటి గట్టు మార్పిద్దామనుకున్నా. పిల్లలిద్దరూ నాన్న పార్టీలో చేరారు. గట్టు ఇప్పటికీ పాతదే.

అత్తమ్మ రాననే అంది. "నేనొకసారి ఎక్కినాను కదమ్మా, చాల్లే" అంది. ఆ మాట అప్పుడు నేను సరిగ్గా వినలేదు. పాస్‌పోర్టుకు కాగితాలు సర్దేటప్పుడు గానీ ఆ మాట నాకు తట్టలేదు. పుట్టిన ఊరు అన్నచోట రాయాల్సింది రంగూన్.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు. మా అత్తమ్మ బర్మాలో పుట్టిందని నాకు తెలుసు. తెలుసంటే, ఆమెకు చింతకాయ పచ్చడి ఇష్టమని తెలిసినంతగా తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

ఓడ పేరు ఎంప్రెస్. 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్‌లో నార్డిక్ ఎంప్రెస్ అన్న పేరుతో కట్టారట. పొడవు 211 మీటర్లు. మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కూడా అంత ఉండదు. మా ప్రయాణంలో ఆఖరుగా దిగిన రేవు ట్రింకోమలీ. కోనేశ్వరం గుడికి వెళ్ళి, కొండ మీద నుంచి సముద్రం చూసి, సాయంత్రానికి ఓడ ఎక్కేశాం. ఆ మర్నాడంతా నీళ్ళే. ఆ మధ్యాహ్నం క్యాబిన్‌లోకి ఒక కాగితం వచ్చింది. దాంతోపాటు రంగు అట్టముక్కలు కొన్ని. పెద్ద పెట్టెలన్నింటికీ ఆ ముక్కలు కట్టి రాత్రికి తలుపు బయట పెట్టాలి, ఉదయం దిగాక కింద హాల్లో తీసుకోవాలి. పాస్‌పోర్టు, మందులు, ఒక జత బట్టలు మాత్రం చేతి సంచిలో ఉంచుకోవాలి.

ఓడ ప్రయాణాల్లో ఇదే పద్ధతట. రెండు వేల మంది ఒకేసారి పెట్టెలు ఈడ్చుకుంటూ మెట్లు దిగితే ఏమవుతుందో మన సత్యవేడు బస్టాండులో సంక్రాంతి ముందు రోజు చూస్తే తెలుస్తుంది. నేను సర్దడంలో గట్టిదాన్నని నాకు పేరు. మధ్యాహ్నం మూడింటికే అన్నీ మడిచి, జిప్పులు వేసి, తాళాలు పెట్టేశా. ఐదింటికి తెలిసింది, మావారి బెల్టు, అమ్మాయి చెప్పులు, రేపు నేను కట్టుకోవాల్సిన చీరా లోపలే ఉన్నాయని. మళ్ళీ తెరిచా. ఈ విషయంలో పిల్లలు ఇప్పటికీ నన్ను వదలరు.

రాత్రి పదికి పెట్టెలు బయట పెడుతుంటే అత్తమ్మ తన సంచి ఇవ్వలేదు. పెద్ద సంచి కూడా కాదు. చెంగాళమ్మ గుడికి పోయేటప్పుడు పట్టుకుపోయే గోనె రంగు గుడ్డ సంచి. "ఇది చేతి సంచే కదా, మీ దగ్గరే పెట్టుకోండి. ఆ సూట్‌కేసు ఇవ్వండి" అన్నా.

"అదీ ఈను."

"బయట పెట్టాలంట అత్తమ్మా. వాళ్ళే కిందికి దించుతారు."

"దించుతారులే. నా పెట్టె నా కాడే ఉంటాదిమే. నేనే మోసుకుంటా" అని మంచం మీద పెట్టె పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. మావారు నచ్చచెప్పబోయారు. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఆమె చెయ్యి వణుకుతోంది.

ఇక్కడ కాస్త ఆగి ఓడల సంగతి చెప్తాను. ఈ కథంతా దాని మీదే ఉంది.

సరదా కోసం ఓడెక్కడం మనుషులకు చాలా ఆలస్యంగా వచ్చిన అలవాటు. 1891 జనవరిలో జర్మనీ నుంచి అగస్టా విక్టోరియా అనే ఓడ 241 మందిని ఎక్కించుకుని మధ్యధరా సముద్రం చుట్టి వచ్చింది. అల్బర్ట్ బాలిన్ అనే ఆయన ఆలోచన అది. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్ళు తక్కువ కాబట్టి ఖాళీగా ఉన్న ఓడను వేడి దేశాల వైపు తిప్పితే నాలుగు డబ్బులొస్తాయని లెక్క వేశాడు. ఆడవాళ్ళం మనం మిగిలిన అన్నాన్ని పులిహోర చేసినట్టే అనుకోండి. 1900 నాటికి కేవలం విహారానికే ఓడ కట్టేదాకా వచ్చింది వ్యవహారం.

ఆ రోజుల్లోనే మన బంగాళాఖాతంలోనూ ఓడలు కిక్కిరిసి తిరిగేవి. వాటిలో ఎక్కినవాళ్ళది వేరే అవసరం. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి మగవాళ్ళు కూలికి రంగూన్ పోయేవాళ్ళు. ఆ వైపు వాళ్ళు దాన్ని రంగం అనేవాళ్ళు. "రంగం పోయాడు" అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి మొదట్లో పోయినవాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలు అన్న పేరే స్థిరపడిపోయింది. ఓడల నుంచి బియ్యం బస్తాలు మోసేది వాళ్ళు, రిక్షాలు లాగేది వాళ్ళు, రైసు మిల్లుల్లో, కట్టె అడితీల్లో పనిచేసేది వాళ్ళు. మనం గొప్పగా చెప్పుకునే బర్మా టేకు తలుపుల వెనుక ఎవరి భుజాలున్నాయో మనకు ఎవరూ చెప్పలేదు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో అయితే సగానికి పైగా మనవాళ్ళే.

వాళ్ళంతా డెక్ ప్యాసింజర్లు. క్యాబిన్ లేదు, మంచం లేదు. పైన ఓడ అంతస్తు మీద చాప పరుచుకుంటే అదే మీ ఇల్లు. మద్రాసు నుంచి నాగపట్నం మీదుగా పినాంగు, సింగపూరు పోయే రజులా అనే ఓడ ఉండేది. 1926లో కట్టారు. అది దాదాపు యాభై ఏళ్ళు మన సముద్రం మీదే తిరిగింది. మొదట్లో దానికి ఐదు వేల మందికి పైగా డెక్ ప్యాసింజర్లను ఎక్కించుకునే అనుమతి ఉండేదట. మా ఎంప్రెస్ కంటే చాలా చిన్న ఓడ అది. చదివినప్పుడు నేను రెండుసార్లు చూసుకున్నా, సున్నా ఎక్కువ పడిందేమోనని.

అత్తమ్మ వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో కూలికి పోయాడు. 1930 మేలో రేవు కూలి పని దగ్గర తెలుగువాళ్ళకీ బర్మావాళ్ళకీ మొదలైన తగువు పెద్ద మారణకాండ అయింది. ఆయన అప్పుడు బతికాడు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. అప్పుడూ బతికాడు. ఓడ టికెట్టు దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు లక్షల్లో కాలినడకన అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా వచ్చారు. దారిలో జబ్బులతో, ఆకలితో వేలమంది పోయారు. తాత నడిచి వచ్చాడు. యుద్ధం అయిపోయాక కొడుకును తీసుకుని మళ్ళీ అక్కడికే పోయాడు! ఎందుకు పోయాడో అని నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అత్తమ్మనడిగితే "ఈడేముండాది? ఆడ పనుండాది" అంది. అంతకంటే ఏం చెప్పాలి?

ఆ కొడుకుకు అక్కడే ఇల్లు, అక్కడే చిన్న కిరాణా కొట్టు. అత్తమ్మ 1956లో అక్కడే పుట్టింది. 1962 మార్చిలో నే విన్ సైన్యంతో వచ్చి పెత్తనం తీసుకున్నాడు. 1964 మార్చిలో రంగూన్‌లో దుకాణాలన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. మే నెలలో యాభై, నూరు చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. మనకు 2016లో ఒక రాత్రి టీవీలో విన్న మాట గుర్తుంది కదా, అట్లాంటిదే. పోపు డబ్బాలో దాచుకున్నవాళ్ళ గతి ఎప్పుడైనా ఒకటే. ఇక ఓడలు మొదలయ్యాయి. ఆ తర్వాతి కొన్నేళ్ళలో అక్కడి నుంచి దాదాపు రెండు లక్షల మంది ఇండియాకు వచ్చేశారు. ఎక్కువ మంది దిగింది మద్రాసులో, ఆ తర్వాత విశాఖలో. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది.

ఆ రాత్రి క్యాబిన్‌లో పిల్లలు నిద్రపోయాక, మావారు కూడా గోడ వైపు తిరిగాక, అత్తమ్మ తానుగా మొదలుపెట్టింది. నేనేమీ అడగలేదు.

రంగూన్ రేవులో పెట్టెలు వరుసగా పెట్టించారంట. మనుషులు ఒక పక్క, పెట్టెలు ఒక పక్క. తెరిచి చూసి, ఉంచేది ఉంచి, తీసేది తీసి, మళ్ళీ ఇస్తామన్నారు. వాళ్ళ నాన్న పెట్టె తిరిగి వచ్చేసరికి సగం ఖాళీ. పట్టుచీర లేదు, వెండి కుంకుమ భరిణె లేదు. ఆడవాళ్ళను విడిగా నిలబెట్టి ఒంటి మీది బంగారం చూశారంట. ఇంత తూకం కంటే ఎక్కువ పోకూడదని రూలు. వాళ్ళమ్మ మెడలో తాళిబొట్లు రెండూ, మధ్యలో గుండ్లూ తీయించారు. నల్లపూసలు ఉంచారు. అట్లా తీయించారని చెప్పినవాళ్ళు, బర్మా నుంచి వచ్చిన కుటుంబాల్లో మా అత్తమ్మ ఒక్కటే కాదు.

"మాయమ్మ ఏడవలా. కొంగు లాక్కొని మెడ కప్పేసుకొనింది. ఓడలో నాలుగు దినాలు ఆ కొంగు తీలేదు."

ఓడలో మంచినీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళట. బట్టలకు ఉప్పునీళ్ళే. ఉప్పునీళ్ళలో ఉతికిన చీర ఎండితే అట్టలా నిలబడుతుంది, ఒంటికి రాసుకుంటుంది. మద్రాసు రేపనగా ఆ రాత్రి డెక్ మీద ఆడవాళ్ళెవరూ నిద్రపోలేదంట. ఇక్కడ నేను చెవులు రిక్కించాను, నాకు తెలిసిన ఆఖరి రాత్రి లాంటిదే అది కూడా కాబట్టి. పిల్లలకు తల దువ్వడం, ఉన్న రెండు చీరల్లో ఏది కట్టుకుని దిగాలో తేల్చుకోవడం, అరువు దువ్వెన చేతులు మారడం. రేపు దిగాక పొయ్యి ఎక్కడ వెలిగిస్తాం అన్న మాట. ఒకామె మద్రాసులో మళ్ళీ పెట్టెలు తీస్తారంట అని ఎవరో అన్నారని చెప్పింది. దాంతో అందరూ ఉన్న కాస్త సామానూ ఒళ్ళోకి లాక్కున్నారు. అత్తమ్మ వాళ్ళమ్మ ఎవరి దగ్గరో ఒక పసుపుకొమ్ము అడిగి తీసుకుంది. చీర అంచు నుంచి దారం లాగి, పేని, కొమ్ము కట్టి, చీకట్లో తన మెడలో తానే వేసుకుంది. పుట్టింటి ఊళ్ళోకి బోసి మెడతో దిగనని. మొగుడు పక్కనే నిద్రపోతున్నాడు. లేపలేదంట.

ఎనిమిదేళ్ళ పిల్ల అది చూస్తూ పడుకుంది. "లేచి ఉండావా అని అడగలా మాయమ్మ. నేనూ చెప్పలా" అంది అత్తమ్మ. యాభై తొమ్మిదేళ్ళ తర్వాత ఆ మాట మొదటిసారి నాకు చెప్పింది. ఆమె కొడుక్కి కూడా తెలియదు.

అప్పుడు గుడ్డ సంచి తెరిచింది. అందులో ఒక లక్క డబ్బా. నల్లగా, ఎర్ర గీతలతో, మూత ఒక పక్క పెచ్చు ఊడిపోయి ఉంది. బర్మా పనితనం. ఇంట్లో బీరువా అడుగున చూశాను గానీ అది మనతోపాటు ఓడెక్కిందని నాకు తెలియదు. ఆనాడు రేవులో దాన్ని విలువలేనిదని వదిలేశారు. అందులో తనకా చెక్క అరగదీసిన పొడి ఉండేదట, అక్కడి ఆడవాళ్ళు బుగ్గలకు పూసుకునేది. మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు నేను ఏదో తనఖా పెట్టారనుకున్నా. అత్తమ్మ నవ్వింది. ఆ రాత్రి నవ్వింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు డబ్బాలో పొడి లేదు. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. 1964లో ఇండియాకు రావడానికి ఇచ్చిన ప్రయాణ పత్రం. వాళ్ళ నాన్న, అమ్మ, ముగ్గురు పిల్లలు ఒకే ఫోటోలో. మడతల దగ్గర చిరిగి వెనక పేపరు అంటించి ఉంది. ఫోటోలో వాళ్ళమ్మ మెడలో తాళి స్పష్టంగా కనిపిస్తోంది.

"ఇదెందుకు తెచ్చారత్తమ్మా, పాస్‌పోర్టు ఉంది కదా?"

"అది ఈయేడు ఇచ్చింది. దాన్ని నమ్ముతారో లేదో. రంగూన్ అని రాసుంటే, నువ్వాడికే పో అంటే?"

నాకేం చెప్పాలో తోచలేదు. కాగితం మడిచి డబ్బాలో పెట్టి ఇచ్చేశా. సూట్‌కేసు మా క్యాబిన్‌లోనే ఉండిపోయింది. మిగతా పెట్టెలు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి చూస్తే మంచం ఖాళీ. గుండె ఆగినంత పనైంది. పైకి పరుగెత్తా. రైలింగ్ దగ్గర నిలబడి ఉంది, భుజాన సంచి. పక్కన సూట్‌కేసు కూడా! లిఫ్టులో తెచ్చుకుందంట. చీకట్లో దూరంగా ఒక దీపం తిరిగి తిరిగి వెలుగుతోంది.

"అది కాదు" అంది. "ఎర్ర మిద్దె మీద ఉండాలి దీపం."

ఆమె పొరబడలేదు. 1894 నుంచి 1977 దాకా మద్రాసు లైట్‌హౌసు హైకోర్టు భవనం మీదే, ఎత్తైన ఆ ఎర్ర గోపురం పైనే ఉండేది. హార్బర్‌కు సరిగ్గా ఎదురుగా. 1977లో మెరీనా ఒడ్డున ఎరుపు తెలుపు పట్టీల కొత్త లైట్‌హౌసు వచ్చాక పాతది ఆర్పేశారు. 1964లో ఓడ మీద నుంచి ఆ పిల్ల చూసిన వెలుగు ఇప్పుడు లేదు, భవనం మాత్రం ఉంది. తెల్లారాక ఓడ రేవులోకి మళ్ళినప్పుడు ఎర్ర గోపురాలు చూపించా. చాలాసేపు చూసింది. "అప్పుడు ఇంకా పెద్దగా ఉన్నెట్టుండె" అంది.

దిగేటప్పుడు నేను సూట్‌కేసు పట్టుకోబోతే ఇవ్వలేదు. ఇమ్మిగ్రేషన్ వరుసలో నా ముందు నిలబడింది. ఒక చేతిలో పాస్‌పోర్టు, ఇంకో చెయ్యి సంచి లోపల. డబ్బా మూత మీదే ఉందని నాకు తెలుసు. కౌంటర్‌లో ఉన్నది మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో, చిన్న పిల్ల. పాస్‌పోర్టు తిప్పింది, మొహం చూసింది, ముద్ర వేసింది, తమిళంలో "పోయిట్టు వాంగ పాట్టీ" అంది. అర నిమిషం కూడా పట్టలేదు.

అత్తమ్మ కదలలేదు. "అంతేనామ్మా?" అంది తెలుగులో.

ఆ పిల్లకు అర్థమైందో లేదో, నవ్వి తలూపింది.

కారు బయటికి రాగానే రాజాజీ సాలై. రోడ్డు పక్కన బర్మా బజారు, అప్పటికి ఇంకా షట్టర్లు తీయలేదు. బర్మా నుంచి వచ్చినవాళ్ళు బతకడానికి 1969లో ఇక్కడ కొట్లు పెట్టారు. మా చిన్నప్పుడు ఫారిన్ సెంటు సీసా, టేప్‌రికార్డరు అంటే ఇక్కడికే రావాలి. వెనక వీధిలో సాయంత్రమైతే అతో బండ్లు పెడతారు. నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు కలిపి చేత్తో పిసికి ఇస్తారు, పక్కన వేడిగా అరటి దవ్వ సూపు. నిమ్మకాయ సేవలు లాగానే, కాస్త పులుపెక్కువ. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఈ దారిన పోయామో, అత్తమ్మ ఎప్పుడూ ఆపమనలేదు. ఆవేళ "ఈ తూరి సాయంత్రం పూట వద్దామా?" అంది. మావారు అద్దంలోంచి నన్ను చూశారు.

రెడ్‌హిల్స్ దాటేసరికి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని, తల నా భుజం మీద. సంచి ఒళ్ళోంచి జారి కాళ్ళ దగ్గర పడింది. తీసి సీటు మీద పెట్టి, ఊత్తుకోట బజారులో రెడీమేడ్ దోసెపిండి ప్యాకెట్టు రెండు కొనమని మావారికి మెల్లగా చెప్పా.